ఏకగ్రీవంగా పుట్టిన జంతువు

ఉభయ మండలాల వేదపరిభాషా మండలి ఆ ఏడాదిని స్పష్టతా సంవత్సరంగా ప్రకటించడానికి మూలం ఒక చల్లని కొండ మీద జరిగిన శిక్షణ తరగతి. మండలి కార్యదర్శి రెవరెండ్ జయశీల్ గారు ఆ తరగతికి వెళ్లి ఒక నల్ల సంచీ, ఒక ఖరీదైన కలం, ఒక అభిప్రాయం పట్టుకుని కిందికి దిగారు. సంచీ జిప్పు నెల తిరక్కుండా ఊడింది. కలాన్ని ఎవరో సంతకం పెట్టి ఇస్తామని తీసుకుపోయారు. అభిప్రాయం ఒక్కటే మిగిలింది. సంస్థలను లోపలినుంచి తొలిచే చెదపురుగు సందేహం అన్నదే ఆ అభిప్రాయం.

బైబిలు మాటలకు తెలుగు సంఘాల్లో ఏ అర్థం చెలామణీ కావాలో తేల్చే బాధ్యత ఈ మండలిది. సముద్రతీరంలోని సంఘాలు సగం, మెట్టప్రాంతపు సంఘాలు సగం కలిసి దాన్ని నిలబెట్టాయి. అలాంటి మండలి నుంచి ఒక ఉత్తర్వు వెలువడింది: "ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా, మండలి ప్రచురణలయందుగాని, సంభాషణలయందుగాని 'బహుశా', 'కావచ్చు', 'తెలియదు' అను పదములు ఇకమీదట వాడరాదు."

మొదటి దెబ్బ హాస్టలు వంటమనిషి అచ్చమ్మకు తగిలింది. రేపు ఏం కూరని వార్డెన్ అడిగితే, బజారుకు వెళ్తేగాని తెలీదండి అంది. ఆమెకు మెమో ఇచ్చారు. మర్నాడు అడిగినప్పుడు తడుముకోకుండా వంకాయ అంది. బజార్లో వంకాయ లేదు. విద్యార్థులు బీరకాయ తిని, వంకాయ తిన్నామని సంతకాలు పెట్టారు. స్పష్టత మొదటివారంలోనే ఫలితాలిస్తున్నదని కార్యదర్శి గారు నివేదిక పంపారు. అంత్యదినం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదని ప్రసంగించిన ఒక పల్లెటూరి పాస్టరు గారు సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ మాట తనది కాదని, పైనుంచి వచ్చిందని ఆయన విన్నవించుకున్నాడు. పైన అంటే ఏ విభాగమో స్పష్టపరచవలసిందని మండలి తిరిగి రాసింది.

ఇలా ఊరూరా తిరిగిన ఉత్తర్వు చివరికి డాక్టర్ కొల్లాబత్తుల రిబ్కావతి గారి గుమ్మం ఎక్కింది. ఆవిడ వేదాంత కళాశాలలో హెబ్రీ భాష బోధించి విశ్రాంతి తీసుకున్న మనిషి. విశ్రాంతి అన్నది కాగితం మీది మాట. ముప్పై ఏళ్లనాడు మొదలుపెట్టిన హెబ్రీ-తెలుగు నిఘంటువును ఆవిడ ఆ విశ్రాంతిలోనే పూర్తి చేశారు. ప్రూఫులు దిద్దడం కూడా అయిపోయింది. ఇక మండలి ఆమోదముద్ర ఒక్కటే తక్కువ. ముద్ర లేని పుస్తకాన్ని ఏ కళాశాలా పాఠ్యంగా పెట్టదు. పాఠ్యం కాని పుస్తకాన్ని ఏ విద్యార్థీ కొనడు. కొనేవాడు లేని పుస్తకానికి ప్రెస్సు యజమాని కాగితం తెప్పించడు. ఆవిధంగా ఒక మనిషి ఆయుర్దాయంలో పెద్ద ముక్క ఒక రబ్బరుముద్ర కింద ఆగిపోయి ఉంది.

ఆ ముద్రకు అడ్డుపడ్డది ఒకే ఒక మాట, తహష్.

అరణ్యప్రయాణంలో దేవుని గుడారానికి అన్నిటికన్నా పైన కప్పిన తోళ్లు తహష్ తోళ్లని గ్రంథం చెబుతుంది. తహష్ అంటే ఏమిటో మాత్రం చెప్పదు. ఆనాడు అందరికీ తెలుసు గనుక చెప్పే అవసరం రాలేదు. తెలిసినవాళ్లంతా గతించారు గనుక ఇప్పుడు చెప్పగలవారు లేరు. పాత తెలుగు అనువాదకులు సముద్రవత్స అన్నారు, అంటే ఏదో సముద్రజంతువు. ఒకప్పటి ఇంగ్లీషువారు నేలలో బొరియలు తవ్వుకునే జంతువన్నారు. గ్రీకులోకి మార్చినవారు అది జంతువే కాదు, రంగు అన్నారు. యూదుల పెద్దల్లో ఒకరు, ఆ గుడారం కోసమే పుట్టి, పని కాగానే కనుమరుగైన ఒంటికొమ్ము మృగం అన్నారు. రిబ్కావతి గారు వీటన్నిటినీ చదివి, తూచి, పక్కన పెట్టి, చివరికి ఇలా రాశారు: "తహష్: తోలుకు సంబంధించిన మాట. జంతువు పేరో, రంగు పేరో, పనితనం పేరో నిర్ధారణ కాలేదు. అర్థం తెలియదు."

నిఘంటువు మొత్తంలో ఆవిడకు మిక్కిలి గర్వకారణమైన వివరణ అదే. తక్కిన అర్థాలు చాలావరకు పూర్వులు పెట్టిపోయినవి. ఈ తెలియకపోవడం ఒక్కటే ఆవిడ స్వార్జితం.

కార్యదర్శి గారు ఆవిడను కార్యాలయానికి పిలిపించి కాఫీ ఇప్పించారు. నిఘంటువును మెచ్చుకున్నారు. అట్ట రంగును కూడా మెచ్చుకున్నారు. ఆ తరువాత గొంతు సవరించుకున్నారు.

"అమ్మగారూ, ఇంత పుస్తకంలో ఒక్కచోట లోటుండిపోయింది. ఆ తహష్‌కి ఏదో ఒక అర్థం ఇచ్చెయ్యండి. ఏదైనా పర్లేదు, గట్టిగా ఉండాలి."

"గట్టి అర్థం లేదండి. తెలియదన్న సంగతి మాత్రం గట్టిగా ఉంది. అదే రాశాను."

"తెలియదని రాయడానికి ముప్పై ఏళ్లెందుకండీ? మా డ్రైవర్ని అడిగితే ఇప్పుడే చెప్తాడు."

"మీ డ్రైవరుకు తెలియకపోవడం వేరు, నాకు తెలియకపోవడం వేరండి" అన్నారు రిబ్కావతి గారు, కాఫీ కప్పు కింద పెడుతూ. "నాది చదువుకుంటే వచ్చింది."

జయశీల్ గారు నొచ్చుకోలేదు. స్పష్టత ఉన్నవారు నొచ్చుకోరు. ఆవిడ ఇవ్వని అర్థాన్ని మండలియే ఇస్తుందని, ఆ అర్థం నిఘంటువులో చేరిననాడే ముద్ర పడుతుందని ప్రకటించారు. ఆయన తొందరకు మరో కారణం కూడా ఉంది. మండలి స్వర్ణోత్సవానికి ఆవరణలో దేవుని గుడారం నమూనా ఒకటి కడుతున్నారు. ప్రతి వస్తువూ గ్రంథంలో చెప్పినట్లే ఉండాలని తీర్మానం. తుమ్మకర్ర దొరికింది, మేకవెంట్రుకలు దొరికాయి, పైకప్పు దగ్గర పని ఆగింది. అర్థం తెలియని వస్తువుకు టెండరు పిలవడానికి నిబంధనలు ఒప్పుకోవు. స్వర్ణోత్సవం ముంచుకొస్తోంది. కనుక తహష్‌కు అర్థం ఉండి తీరవలసిన పరిపాలనాపరమైన అగత్యం ఏర్పడింది.

అర్థనిర్ణయ ఉపసంఘం సమావేశానికి రిబ్కావతి గారిని నిపుణురాలిగా ఆహ్వానించారు. నిపుణులకు ఓటు లేదు. ప్రార్థన అయ్యాక వడలు వచ్చాయి, వడల తరువాత తీరంవారు లేచారు. పాత అనువాదం తమ సముద్రానికి ఇచ్చిన గౌరవాన్ని ఇప్పుడు లాక్కుంటే తీరప్రాంతపు విశ్వాసుల మనోభావాలు గాయపడతాయన్నారు. మెట్టవారు ఊరుకోలేదు. ఎడారిలో నడిచే జనానికి సముద్రజంతువు ఎవరు తెచ్చిచ్చారు, వలలు మోసుకుని వెళ్లారా అని అడిగారు. అది కచ్చితంగా గట్ల మీద తిరిగే జంతువేనని, తమ ప్రాంతానికి ఇప్పటికే గ్రంథంలో అన్యాయం జరిగిందని, ఎక్కడ చూసినా చేపలేగాని మేకల్ని పట్టించుకున్నవారు లేరని వాపోయారు.

ఇక్కడ మండలి ఆచారం ఒకటి చెప్పుకోవాలి. ఏ పనైనా తీరానికి సగం, మెట్టకు సగం పంచడం ఆ సంస్థకు ప్రాణం. అధ్యక్షుడు తీరంవాడైతే ఉపాధ్యక్షుడు మెట్టవాడు. ఒక కీర్తనలో నాలుగు చరణాలుంటే రెండు వీరి బాణీలోను, రెండు వారి బాణీలోను పాడతారు. ఆవరణలో మామిడిచెట్టు కాస్తే కాయలు తక్కెడలో తూచి పంచుతారు. ఇంతకాలం కాయలకూ కుర్చీలకూ సరిపోయిన ఈ పద్ధతి ఒక జంతువుకు ఎందుకు సరిపోదని అధ్యక్షులవారు అడిగారు. అందరూ కాగితాలు ముందుకు లాక్కున్నారు.

తీర్మానం ఇలా తయారైంది: "తహష్ అనునది సంవత్సరమునందు ఆరు మాసములు సముద్రమునందును, ఆరు మాసములు మెట్టయందును సంచరించు జంతువు. దానికి ముందుభాగమున రెక్కలవంటి ఈతతెడ్లును, వెనుకభాగమున గిట్టలును కలవు." ముందుభాగం సముద్రానికి ఎలా పోయిందని మెట్టవారు గొణిగారు. తోక వారికి ఇచ్చి సర్దుబాటు చేశారు. అది సాధుజంతువై ఉండాలని స్త్రీల సమాజం ప్రతినిధి కోరారు. చేర్చారు.

"చూసినవారు ఎవరైనా ఉన్నారా?" అని రిబ్కావతి గారు అడిగారు.

అధ్యక్షులవారు ఆవిడ వైపు దయగా చూశారు. "చూడ్డం అనేది సాంకేతికాంశం అమ్మా. మనం ప్రస్తుతం విధానాంశం మీదున్నాం."

తీరంవారు ప్రతిపాదించారు, మెట్టవారు బలపరిచారు. చేతులన్నీ లేచాయి. జంతువు ఏకగ్రీవంగా పుట్టింది. పుట్టిన బిడ్డకు పేరు పెట్టడం లోకంలో ఉన్నదే, పేరుకోసం బిడ్డను పుట్టించడం ఆ రోజే చూశానని ఆవిడ బయటికొచ్చి రిక్షావాడితో అన్నారు. అతను దేనికో ఆయ్ అన్నాడు.

డ్రాయింగు మాస్టారు తీర్మానాన్ని ముందు పెట్టుకుని బొమ్మ వేశాడు. దాన్ని పటం కట్టించి కార్యాలయంలో తగిలించారు. సండేస్కూలు పరీక్షలో తహష్ బొమ్మ వేయమని ప్రశ్న ఇచ్చారు. నాలుగు కాళ్లకూ గిట్టలు వేసిన పిల్లలకు సగం మార్కులే వచ్చాయి. రిబ్కావతి గారికి మాత్రం మళ్లీ కబురొచ్చింది. తీర్మానాన్ని యథాతథంగా నిఘంటువులో చేర్చి సంతకం పెడితే ముద్ర ఆ పూటే వేస్తామన్నారు. ఆవిడ కుదరదన్నారు. కుదరదనేది స్పష్టమైన మాటే గనుక నిబంధనల ప్రకారం ఎవరూ ఆక్షేపించలేకపోయారు. ప్రూఫుల కట్ట ఆవిడ బీరువా పైకెక్కింది. ఆవిడ దాన్ని రోజూ చూసేవారు, దించేవారు కాదు. డెబ్బై దాటిన మనిషికి బీరువా పైన పెట్టిన పని ఎంత దూరంలో ఉంటుందో ఆవిడకు తెలుసు.

పైకప్పు టెండరు షామియానాల మస్తాన్ గారికి వచ్చింది. పెళ్లిళ్లకూ సభలకూ పందిళ్లు వేసే మనిషి ఆయన. పందిరికి తోలు కావాలన్నవారు తారసపడటం ఆయనకూ అదే మొదలు. బొమ్మ నకలొకటి చుట్టి చంకలో పెట్టుకుని రిబ్కావతి గారింటికి వచ్చాడు.

"అమ్మగారండీ, ఇదెక్కడ దొరుకుద్దండి?"

"తెలియదు మస్తాన్ గారూ."

"అమ్మయ్య" అన్నాడాయన, అరుగు మీద కూలబడుతూ. "ఊళ్లో అందరూ తెలుసంటారండి. ఎక్కడో చెప్పమంటే కోప్పడతారు. మీకే తెలీదంటే ఇంక నాకు బెంగ లేదు. రెక్సిన్ వేసేస్తానండి."

గోధుమరంగు రెక్సిన్ మీద నల్లచుక్కలు కొట్టించి కప్పాడు. చూడముచ్చటగా ఉంది. నమూనా అని బోర్డు రాయబోతే కార్యదర్శి గారు అడ్డుపడ్డారు. నమూనా అంటే సందేహానికి తావిచ్చినట్లవుతుంది. కనుక బోర్డు మీద "ఇవి నిజమైన తహష్ చర్మములు" అని రాయించి, అదే సంగతి ధ్రువీకరిస్తూ మండలి ముద్రతో ఒక పత్రం అద్దంలో బిగించారు. ముప్పై ఏళ్ల పనికి దొరకని ముద్ర రెక్సిన్‌కు గంటలో దొరికింది.

స్వర్ణోత్సవానికి జనం విరగబడ్డారు. వచ్చినవారిలో ఆ జిల్లాకు కొత్తగా బదిలీపై వచ్చిన అటవీ అధికారి ఒకాయన ఉన్నాడు. పిల్లలకు గుడారం చూపించడానికి వచ్చిన ఆ మనిషికి దురదృష్టవశాత్తు చదివినదాన్ని నమ్మే అలవాటు ఉంది. బోర్డు చదివాడు. పత్రం చదివాడు. మండలి కార్యాలయంలో తగిలించిన బొమ్మ కూడా వెళ్లి చూశాడు. సోమవారం తన కార్యాలయంలో రక్షిత జంతువుల పట్టికలన్నీ తిరగేశాడు. తహష్ లేదు. పట్టికలో లేని జంతువంటే ఇంతవరకు లెక్కకు రానిదన్నమాట. తీరమంతా, గట్లంతా సిబ్బందితో వెతికించాడు. ఒక్కటీ కనబడలేదు. అంటే ఉన్న కొద్దిపాటినీ ఈ పైకప్పుకోసం వధించారన్నమాట. తర్కంలో ఎక్కడా లోపం లేదు. మొదటి మెట్టు మాత్రం గాలిలో ఉంది, అది ఆయన కట్టింది కాదు.

చర్మాలు జప్తు చేశారు. మస్తాన్ గారిని పట్టుకెళ్లారు. అది రెక్సిన్ అని ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "నీ మాట నమ్మమంటావా, మండలి ముద్ర నమ్మమంటావా?" అని అధికారి అడిగాడు. పరీక్షకు పంపితే, పోల్చి చూడటానికి అసలు తహష్ చర్మం ముక్క ఒకటి జతచేయవలసిందిగా ప్రయోగశాల వారు తిప్పి పంపారు. చేతులెత్తిన సభ్యులందరికీ నోటీసులు వెళ్లాయి.

ఆ సాయంత్రమే జయశీల్ గారు రిబ్కావతి గారి అరుగు మీద ప్రత్యక్షమయ్యారు. ఈసారి కాఫీ ఆవిడ ఇచ్చారు. వకీలును కలిసి వస్తున్నానని ఆయన చెప్పుకొచ్చారు. కోర్టులో జంతువు ఉందంటే వేటలో భాగస్థులవుతారు. లేదంటే దొంగపత్రం ఇచ్చినవారవుతారు. ఈ రెంటికీ మధ్య నిలబడటానికి చట్టంలో ఒకే ఒక్క మాటకు చోటుందట.

"ఏ మాటండి?" అన్నారు రిబ్కావతి గారు. ఆవిడకు తెలుసు. అయినా ఆయన నోట వినాలనిపించింది.

జయశీల్ గారు అటూ ఇటూ చూశారు. ఏడాదిగా పలకని మాట, నాలుక మీదికి రాలేదు. "అదేనండి. మీ పుస్తకంలో రాశారే."

"అది మీరు నిషేధించారు గదండీ."

"అందుకే మీ దగ్గరికొచ్చానమ్మా. ఊళ్లో ఇంకెవరి దగ్గరా అది మిగల్లేదు."

మస్తాన్ భార్య ఉదయం వచ్చి ఏడ్చి వెళ్లింది. ముద్ర సంగతి తరువాత, ముందు ఆ మనిషి ఇంటికి రావాలి. అయితే ఒకే మాటతో రెండు పనులూ అయ్యేటప్పుడు ఒకటి వదులుకోవడం పొదుపు కాదని ఆవిడకు తోచింది. మండలి అంతా కోర్టుకు వచ్చి, ఎవరికి వారు ప్రమాణం చేసి ఆ మాట చెప్పాలన్నారు. దానికి ముందు దాన్ని తీర్మానంగా రాయాలి. తీరంవారు ప్రతిపాదించాలి, మెట్టవారు బలపరచాలి. ఆ తీర్మానాన్నే తన వివరణకు ఆమోదంగా పరిగణించి నిఘంటువు మీద ముద్ర వేయాలి. జయశీల్ గారు ఒప్పుకున్నారు. అవసరం ఉన్న మనిషి ఎంత స్పష్టంగా ఒప్పుకుంటాడో ఆవిడ ఆ రోజు చూశారు.

కోర్టులో అధ్యక్షులవారు తెలియదన్నారు. ఉపాధ్యక్షులు తెలియదన్నారు. తీరంవారు, మెట్టవారు సమాన సంఖ్యలో తెలియదన్నారు. డ్రాయింగు మాస్టారు తాను వేసింది ఏమిటో తనకు తెలియదన్నాడు. ముందు రోజు దాకా ఆ జంతువు తోకను సైతం పంచుకున్న మనుషుల ముఖాల్లో ఏదో ప్రశాంతత కనిపించింది. చాలాకాలం తరువాత నిజం చెప్పినవారికి అలా ఉంటుందేమో. చివరికి మేజిస్ట్రేటు నిపుణురాలిని పిలిచి, మీకైనా తెలుసా అని అడిగారు.

"తెలియదండి" అన్నారు రిబ్కావతి గారు. "నాకు ముప్పై ఏళ్లుగా తెలియదు. వీరికి నిన్నటినుంచి."

ఏ జంతువుదో ఎవరికీ తెలియని చర్మాన్ని రక్షిత జంతువు చర్మమనడానికి ఆధారం లేదని మేజిస్ట్రేటు కేసు కొట్టివేశారు. మస్తాన్ గారిని విడిచిపెట్టి, జప్తు చేసిన సరుకు ఆయనకు తిరిగి ఇవ్వమన్నారు. నిఘంటువు మీద ముద్ర పడింది. ప్రెస్సులో కాగితం దిగింది.

కథ ఇక్కడ ఆగితే అది సంస్థ కాదు. జయశీల్ గారు కోర్టు అనుభవాన్ని మరో శిక్షణగా స్వీకరించారు. తెలియదన్న మాటకున్న శక్తిని కళ్లారా చూసిన మనిషి గదా. రానున్న ఏడాదిని వినయ సంవత్సరంగా ప్రకటిస్తూ ఉత్తర్వు వచ్చింది: "మండలి ఆమోదించిన గ్రంథములయందు ప్రతి పుటకు కనీసము రెండు పదములకైనను 'అర్థము తెలియదు' అని వ్రాసి వినయము ప్రదర్శింపవలెను. తెలియదని పలికిన వారిని కారణమడుగుట వినయభంగముగా పరిగణింపబడును." అచ్చు వెంటనే ఆపి, నిఘంటువులో తెలిసిన పదాల్లో తెలియనివిగా మార్చదగినవాటిని సూచించమని రిబ్కావతి గారికి విడిగా రాశారు. పని సులువు చేయడానికి కార్యదర్శి గారే కొన్ని ఎంపిక చేసి పెట్టారు. రొట్టె, నీళ్లు, గాడిద.

ఆవిడ ఉత్తర్వును రెండుసార్లు చదివారు. ఒకసారి విషయం కోసం, ఒకసారి ఆనందం కోసం. తరువాత పోస్టుకార్డు తీసి, పొందికైన అక్షరాలతో ఒకే వాక్యం రాశారు: "మీ ఉత్తర్వు అందినది, దాని అర్థం తెలియదు."

కారణమడగడానికి మండలికి వీలు లేకపోయింది. వినయ సంవత్సరం. ప్రెస్సు ఆగలేదు. రొట్టె రొట్టెగానే, నీళ్లు నీళ్లుగానే, గాడిద గాడిదగానే అచ్చయ్యాయి. తహష్ ఒక్కటే ఎవరికీ తెలియకుండా మిగిలింది.

బైండింగు అయిన కట్టలను కళాశాలకు చేర్చడానికి మస్తాన్ గారు తన ట్రాలీ రిక్షా తెచ్చాడు. కిరాయి వద్దన్నాడు. సగం దారిలో తుంపర మొదలైంది. ఆయన దిగి, సీటు కింద మడతపెట్టి ఉంచిన నల్లచుక్కల రెక్సిన్ తీసి కట్టల మీద నాలుగువైపులా దిగేలా కప్పి, తాళ్లు బిగించాడు. వెనక ఆటోలో వస్తున్న రిబ్కావతి గారు తల బయటపెట్టి చూస్తున్నారు. చుక్క నీరు లోపలికి పోవడం లేదు.

కూడలిలో కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. కప్పును వేళ్లతో తడిమి చూశాడు.

"ఏం తోలయ్యా ఇది?"

"తెలీదండి, ఆయ్" అన్నాడు మస్తాన్, పెడలు మీద కాలేస్తూ. "కోర్టులో తేలిందండి."